కీళ్లవాతం ఉన్న మగవారు, దాంపత్యం, సంతానం: డాక్టరు ముందు నోరు పెగలని ప్రశ్నలు

కీళ్లవాతానికి వైద్యం చేయడం నా వృత్తి. వయసులో ఉన్న స్త్రీ వస్తే, మందు రాసే ముందే "పిల్లల్ని కనే ఆలోచన ఉందా?" అని అడుగుతాం. అదే వయసు మగవాడు అదే మందు రాయించుకుని వెళ్తుంటే ఆ మాటే ఎత్తం. చాలా ఏళ్లు నేనూ ఎత్తలేదు. ఒకాయన ఏడాదిపాటు కనబడకుండా పోయి, వేళ్లు వంకర తిరిగాక మళ్లీ వచ్చాడు. ఎందుకు మానేశారంటే, "పిల్లల కోసమండీ. ఈ మందు పడదని ఎవరో అన్నారు. మిమ్మల్ని అడగడానికి మొహమాటమేసింది" అన్నాడు. ఆయన మొహమాటపడ్డాడు సరే, అడగాల్సింది నేను. ఆ రోజు నుంచి అడుగుతున్నాను. అలా అడగడం మొదలుపెట్టాక నాకు తిరిగి ఎదురైన ప్రశ్నలే ఇవన్నీ.

కీళ్ల జబ్బుకీ పడకగదికీ సంబంధం ఏమిటి?

చాలానే ఉంది. అదీ ఒక్క దారిలో రాదు. అందరికీ ముందు తోచేది నొప్పి. తుంటి కదలదు, మోకాలు ఆనదు, మణికట్టు మీద బరువు మోపలేరు. నడుము బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అయితే సాధారణంగా 45 ఏళ్లలోపే, అంటే సంసారం మొదలుపెట్టే వయసులోనే పట్టుకుంటుంది.

నొప్పి కన్నా ఎక్కువ మంది చెప్పేది అలసట. రోజంతా పనిచేసి వచ్చిన అలసట వేరు, ఒంట్లో వాపు రగులుతున్నప్పుడు వచ్చే నీరసం వేరు. పడుకుని లేచినా అది తీరదు. కోరికను ముందుగా మింగేసేది అదే. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ కూడా తగ్గవచ్చు.

మూడోది మనసు. బొత్తాలు పెట్టుకోవడానికి కూడా సాయం కావాల్సి వచ్చిన మనిషికి తన ఒంటి మీద తనకే నమ్మకం సడలుతుంది. "నేను ఇదివరకటి మనిషిని కాదు" అనే దిగులు ఒకసారి చొరబడితే, కీలు బాగున్న రోజున కూడా చెయ్యి ముందుకు చాపనివ్వదు. ఇక నాలుగోది రక్తనాళాలు, ఐదోది మందులు. వాటి సంగతి కింద విడిగా చెప్తాను.

డాక్టరు ఎప్పుడూ అడగలేదు. నేనే ఎలా మొదలుపెట్టను?

లోపలికి వెళ్లగానే చెప్పేయండి. ఈ మాట ఎప్పుడూ చివర్లోనే, చీటీ చేతికి వచ్చి, లేచి, తలుపు దాకా వెళ్లాక బయటికి వస్తుంది. అప్పటికి నేను తర్వాతి పేరు పిలిచేసి ఉంటాను. కూర్చోగానే "ఈ రోజు మోకాలితో పాటు ఇంకో విషయం మాట్లాడాలండీ, కాస్త వ్యక్తిగతం" అంటే చాలు. మిగతాది మేం అడిగి తెలుసుకుంటాం.

నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. "మందులు, పిల్లలు" అని రెండే మాటలు రాసి బల్ల మీద పెట్టిన వాళ్లున్నారు. ఆ రెండు మాటలతో అరగంట మాట్లాడుకున్నాం. వెంట అమ్మో, అన్నయ్యో, పెద్ద కొడుకో వచ్చి ఉంటే "వీళ్లు కాసేపు బయట కూర్చుంటారు" అని మీరే అనవచ్చు. అనలేకపోతే ముందుగా నర్సుకు చెప్పండి, ఆమె చూసుకుంటుంది. ఏ పదం వాడాలో అని తడుముకోకండి. ఇంట్లో వాడే మాటే వాడండి. మాకు అర్థమవుతుంది, ఆశ్చర్యమూ వేయదు.

మరి డాక్టరు ఏమేం అడుగుతారు?

కోరిక తగ్గిందా, అంగస్తంభన కావడం లేదా, అయి నిలవడం లేదా, స్ఖలనంలో తేడానా, నొప్పి అడ్డమా. ఇవి వేర్వేరు సమస్యలు. "అదేం లేదండీ" అనే ఒక్క మాటలో అయిదూ కలిసిపోతే మందు తప్పిపోతుంది. తెల్లవారుజామున నిద్రలో స్తంభన వస్తోందా అని కూడా అడుగుతాం. వస్తుంటే నరాలూ రక్తప్రసారమూ చాలావరకు పనిచేస్తున్నట్లే, కారణం వేరే చోట వెతకాలి. కొందరు అయిదు ప్రశ్నల చిన్న పత్రం ఇస్తారు. 25కి మార్కులు వేస్తారు, 21 లేదా అంతకన్నా తక్కువ వస్తే అంగస్తంభన సమస్య ఉందని లెక్క. సిగరెట్, మద్యం, షుగర్, బీపీ, నిద్ర, మనసు, వేసుకునే ప్రతి మాత్ర గురించీ అడుగుతారు. సొంతంగా కొని వాడినవి కూడా దాచకండి.

అంగస్తంభన సరిగా లేదు. ఇది కీళ్లవాతం వల్లేనా?

కావచ్చు. అయినా అంతటితో వదిలేయకండి. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

కీళ్లలో ఉన్న వాపు కీళ్లలోనే ఉండిపోదు, రక్తనాళాల లోపలి పొరనూ దెబ్బ తీస్తుంది. రోగనిరోధక శక్తి సొంత కీళ్ల మీదే తిరగబడే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని తెలిసిందే. గౌట్‌లోనూ, సోరియాటిక్ ఆర్థరైటిస్‌లోనూ అంతే. పురుషాంగానికి రక్తం తీసుకెళ్లే ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే. గుండె ధమని మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. రక్తనాళాల జబ్బు ఒళ్లంతా ఒకేలా పాకుతుంటే ముందు ఇరుకయ్యేది సన్న గొట్టమే కదా. అందుకే అంగస్తంభన లోపం కొందరిలో గుండె నొప్పి కన్నా కొన్నేళ్ల ముందే కనిపిస్తుంది. అంటే, సిగ్గుపడి దాచిన సంగతి నిజానికి గుండె పంపిన కబురు కావచ్చు. బీపీ, షుగర్, కొలెస్టరాల్ చూపించుకోవాలి. అవసరాన్ని బట్టి ఉదయం పూట తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ చూస్తారు. పొగ తాగుతుంటే మానాలి. పొగ కీళ్లనూ, గుండెనూ, దీన్నీ మూడింటినీ చెడగొడుతుంది.

జబ్బు అదుపులోకి వస్తే ఈ సమస్య కూడా మెరుగుపడటం మేం చూస్తుంటాం. స్పాండిలైటిస్ ఉన్నవారిలో టీఎన్ఎఫ్ నిరోధక ఇంజెక్షన్లు (వాపును రేపే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునేవి) మొదలుపెట్టాక లైంగిక జీవితం మెరుగైనట్లు అధ్యయనాలూ చెప్తున్నాయి.

స్తంభన కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు నేను వాడొచ్చా?

చాలామంది వాడొచ్చు, కీళ్లవాతం అడ్డు కాదు. ఒక్క షరతు మాత్రం ప్రాణం మీదికి వచ్చేది: గుండె నొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు వీటిని ముట్టకూడదు. నాలుక కింద పెట్టుకునే మాత్ర, స్ప్రే కూడా ఆ కోవలోవే. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టాడలాఫిల్ అయితే 48 గంటల్లో గుండె నొప్పి వస్తే, ఆ మాత్ర వేసుకున్నట్లు అత్యవసర విభాగంలో తప్పక చెప్పాలి. ప్రొస్టేట్‌కు ఆల్ఫా బ్లాకర్లు వాడేవారు కూడా ముందు డాక్టరుకు చెప్పాలి.

సిల్డెనాఫిల్‌ను అరగంట నుంచి గంట ముందు వేసుకుంటారు. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం దాన్ని ఆలస్యం చేస్తుంది. మాత్ర వేసుకున్నంత మాత్రాన అదే జరిగిపోదు, కోరిక, స్పర్శ ఉండాల్సిందే. ఒక్కసారి పనిచేయలేదని వదిలేసేవారు ఎక్కువ. మోతాదు సరిచేసి, వేరు వేరు రోజుల్లో నాలుగైదు సార్లు చూసి తేల్చాలి. చీటీ లేకుండా దొరికే పేరూ ఊరూ లేని 'శక్తి' పొడులు మాత్రం వద్దు. అలాంటి వాటిలో చెప్పకుండా ఈ మందునే, కొన్నిసార్లు స్టిరాయిడ్లనూ కలిపిన సందర్భాలు పదేపదే బయటపడ్డాయి.

కీళ్లకు వాడే మందులే కోరికను తగ్గిస్తాయా?

కీళ్లవాతం అసలు మందుల్లో అలా చేసేవి తక్కువ. వాటి పక్కన రాసే మందులను అనుమానించండి. ఎక్కువ కాలం ఎక్కువ మోతాదులో వాడిన స్టిరాయిడ్లు, నొప్పికి వాడే ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లు టెస్టోస్టిరాన్‌ను తగ్గించగలవు. దిగులుకు వాడే ఎస్ఎస్ఆర్ఐ మాత్రలతో స్ఖలనం ఆలస్యం కావడం, కోరిక తగ్గడం మామూలే. కొన్ని బీపీ మందులదీ అదే దారి. స్టిరాయిడ్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపకండి, ప్రమాదం.

నొప్పి పెట్టకుండా కలయిక సాధ్యమా?

సాధ్యమే. సమయం, ఆనిక, తొందర లేకపోవడం, ఈ మూడూ చూసుకోవాలి.

రుమటాయిడ్ ఉన్నవారికి పొద్దున కీళ్లు పట్టేసి ఉంటాయి, రాత్రి పొద్దుపోయాక ఒళ్లు సహకరించదు. మధ్యాహ్నమో సాయంత్రమో కాస్త తేలిగ్గా ఉంటుంది. పడకగది అంటే రాత్రే అని ఎవరూ రాసిపెట్టలేదు. స్పాండిలైటిస్ ఉన్నవారికి అర్ధరాత్రి దాటాక నొప్పి పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. కాబట్టి వాళ్లు ముందు కాసేపు నడుము సాగదీసే వ్యాయామాలు చేసుకుంటే మంచిది. వేడినీళ్ల స్నానం ఇద్దరికీ పనికొస్తుంది. నొప్పి మాత్ర వాడే అలవాటుంటే, డాక్టరు చెప్పిన రోజు మోతాదు దాటకుండా, ఆ వేళకు గంట ముందు పడేలా సర్దుకోవచ్చు.

మోకాళ్లు నొప్పి ఉంటే వాటి మీద ఆనకండి. మణికట్లు వాచి ఉంటే అరచేతుల మీద బరువు మోపకండి. ఇద్దరూ పక్కకి తిరిగి పడుకునే భంగిమ చాలా కీళ్లకు సుఖం. నడుము నొప్పి ఉన్న మగవాడు వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే, కదలిక భారం భార్య తీసుకుంటే వెన్ను కాస్త తెరిపిన పడుతుంది. తుంటి బిగుసుకున్నవారు మంచం అంచును వాడుకోవచ్చు, కాళ్లు నేల మీద ఆనుతాయి. చుట్టిన దుప్పటి, చిన్న దిళ్లు ఏవైనా సరే, కీలు కింద ఖాళీ లేకుండా చూసుకోవడమే పని. రుమటాయిడ్ ఏళ్ల తరబడి ఉండి మెడ నొప్పి, చేతుల్లో తిమ్మిర్లు ఉన్నవారు మెడ మీద ఒత్తిడి పడే భంగిమలు మానేసి, ముందు మెడ ఎక్స్‌రే గురించి అడగాలి. మెడ పై రెండు ఎముకల మధ్య పట్టు సడలి ఉండవచ్చు.

ఇంకో మాట. కలయిక అంటే ఒకే ఒక్క పని అనుకుంటే ఒళ్లు మొరాయించిన రోజు ఏమీ మిగలదు. ముట్టుకోవడం, పక్కన పడుకోవడం, ఒళ్లు పట్టడం, చేతులతో సుఖమివ్వడం కూడా దాంపత్యమే. "ఈ రోజు ఇంతే" అని ముందే అనుకున్న జంటలు నొప్పి రోజుల్లో కూడా దగ్గరగానే ఉంటారు. ఏం చేస్తే నొప్పో ఆమెకు తెలిసే దారి లేదు, మీరు చెప్తే తప్ప. మీరు మొహం చిట్లిస్తే అది తన మీద అయిష్టమేమో అనుకునే భార్యలను చూశాను.

తుంటి కీలు మార్పిడి అయింది. ఎన్నాళ్లు ఆగాలి?

సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు. వెనక నుంచి కోసి చేసిన ఆపరేషన్ అయితే తుంటిని 90 డిగ్రీలు దాటి వంచడం, కాలు కాలు మీద వేయడం, కాలిని లోపలికి తిప్పడం వద్దంటారు, కీలు జారే భయం ఉంది కాబట్టి. మీ సర్జన్ ఏ వైపు నుంచి చేశారో అడిగి, "పడకలో ఏం జాగ్రత్తలు?" అని నేరుగా ఆయన్నే అడగండి. వెల్లకిలా పడుకోవడం మొదట్లో ఎక్కువమందికి క్షేమం.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. పిల్లలు కావాలంటే మానాలా?

మొదట చెప్పిన ఆయన్ని ఏడాది వెనక్కి నెట్టిన ప్రశ్న ఇదే.

తల్లి కాబోయే స్త్రీ ఈ మందు వాడకూడదు, అందులో రెండో మాట లేదు. అది గర్భంలోని శిశువును నేరుగా దెబ్బతీస్తుంది. ఆ భయమే తండ్రికీ అంటించారు. తండ్రి శరీరంలోని మందు బిడ్డకు చేరే దారి వీర్యం ఒక్కటే, అందులో ఉండేది అతి కొద్ది. వారానికి ఒకసారి తక్కువ మోతాదులో ఈ మందు వాడే తండ్రులకు పుట్టిన పిల్లల్లో పుట్టుక లోపాలు పెరిగినట్లు ఇప్పటిదాకా చూసిన పరిశీలనల్లో కనిపించలేదు. 2023లో వెలువడిన ఒక డచ్ అధ్యయనం వీర్యకణాల సంఖ్యనూ, వాటిలోని డీఎన్ఏనూ పరీక్షించి, ఈ మోతాదు వల్ల చెడు జరిగినట్లు కనబడలేదని చెప్పింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు తండ్రి కాబోయేవారు దీన్ని కొనసాగించవచ్చని, షరతుతో కూడిన సిఫారసుగా, చెప్పాయి. షరతు అంటే మందు మీద అనుమానం అని అర్థం కాదు. ఆధారాలు ఇంకా బలంగా పోగుపడాలి, రోగితో మాట్లాడి నిర్ణయించాలి అని అర్థం.

మరి మందు పెట్టెలోని కాగితం ఇంకోలా ఎందుకు చెప్తోంది? అవి జాగ్రత్త కోసం రాసినవి. అమెరికాలో ఆ కాగితం మగవారికి మూడు నెలల గర్భనిరోధం చెప్తుంది, బ్రిటన్‌లో చాలాకాలం ఆరు నెలలు చెప్పింది. వీర్యకణం తయారు కావడానికి 74 రోజులు, బయటికి రావడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది కాబట్టి మూడు నెలలు అనే లెక్క వచ్చింది. అందుకే ఒక డాక్టరు కాగితం చూసి చెప్తారు, ఇంకొకరు మార్గదర్శకం చూసి చెప్తారు, మధ్యలో మీరు నలుగుతారు.

నా అభిప్రాయం ఇది. ఈ మందుతో కీళ్లు నెమ్మదించి ఉంటే కొనసాగించమంటాను. భార్యాభర్తలిద్దరికీ మనసు కుదురుగా లేకపోతే, వేరే మందుకు మార్చి చూడటానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ మార్పు నా కళ్ల ముందు జరగాలి. ఎవరికీ చెప్పకుండా మానేస్తే జబ్బు తిరగబడుతుంది, తిరగబడిన జబ్బే కోరికనూ కలయికనూ చెడగొట్టి ఆ బిడ్డను ఇంకా దూరం చేస్తుంది. మానేసిన ఆయనకు జరిగింది అదే. ఇదంతా కీళ్లవాతానికి వాడే వారం మోతాదు గురించే. క్యాన్సర్‌కు ఇచ్చే పెద్ద మోతాదుకు ఈ మాటలు వర్తించవు. భార్య మాత్రం గర్భానికి ప్రయత్నిస్తున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవడం మంచిది.

మిగతా మందుల సంగతేమిటి?

హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాథయోప్రిన్, కాల్చిసిన్, టీఎన్ఎఫ్ నిరోధకాలైన అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనెర్సెప్ట్ వాడుతూ తండ్రి కావచ్చు. లెఫ్లునమైడ్‌ను కూడా అదే 2020 మార్గదర్శకాలు షరతుతో కొనసాగించవచ్చన్నాయి. దాని కాగితం మాత్రం మానేసి, కొలెస్టిరమైన్ పొడితో ఒంట్లోంచి కడిగేయమంటుంది. ఇక్కడా మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

సల్ఫాసలజైన్ సంగతి వేరు. ఇది బిడ్డకు హాని చేయదు, వీర్యకణాల సంఖ్యనూ చలనాన్నీ తగ్గిస్తుంది. ఈ సంగతి 1970ల చివరి నుంచే తెలుసు. మంచి మాట ఏమిటంటే ఆపిన రెండు మూడు నెలల్లో కణాలు తిరిగి కోలుకుంటాయి. దీన్ని వాడుతూ కూడా తండ్రులైనవారు ఉన్నారు. కాబట్టి ముందుగానే ఆపాల్సిన పని లేదు, ఆలస్యమైతే వీర్యపరీక్ష చేయించి చూస్తాం. ఈ చిన్న సంగతి తెలియక గర్భం రావడం లేదని భార్యకే పరీక్షలన్నీ చేయించిన ఇళ్లున్నాయి. ఆమె శరీరాన్ని ఏడాది గుచ్చి గుచ్చి చూశాక, ఆయన చీటీలో సల్ఫాసలజైన్ కనబడుతుంది. నాకు ఎంతో బాధనిపించే విషయం అది.

నిజంగా ఆపాల్సినవి సైక్లోఫాస్ఫమైడ్, థాలిడోమైడ్. మామూలు కీళ్లవాతానికి వీటి అవసరం అరుదు, రక్తనాళాల వాపు, లూపస్ లాంటి తీవ్ర జబ్బుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ప్రాణం నిలబెట్టే మందు. అది వీర్యోత్పత్తిని శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. మొదలుపెట్టక ముందే వీర్యాన్ని గడ్డకట్టించి దాచుకునే మార్గం ఉంది. రోగి పెళ్లికాని కుర్రవాడైనా, "ఇప్పుడు పిల్లల మాటెందుకు" అని అమ్మానాన్నలు అన్నా, అతన్ని అడగాల్సిందే. ఆ తర్వాత అడిగి లాభం లేదు. సైక్లోఫాస్ఫమైడ్ ఆపాక కనీసం మూడు నెలలు, థాలిడోమైడ్ ఆపాక నాలుగు వారాలు ఆగాలి. థాలిడోమైడ్ వీర్యంలోకి వస్తుంది, వాడినన్నాళ్లూ కండోమ్ తప్పనిసరి.

వాపును రేపే సంకేతాలను కణం లోపలే అడ్డుకునే జాక్ నిరోధక మాత్రలు కొత్తవి, వాటిని వాడే మగవారి మీద పోగైన సమాచారం ఇంకా తక్కువే. వాటిలో ఫిల్గోటినిబ్ వీర్యంపై చూపే ప్రభావాన్ని ప్రత్యేకంగా పరీక్షించారు, చెడు కనబడలేదు.

ఏడాదిగా ప్రయత్నిస్తున్నాం. ఎప్పుడు పరీక్షకు వెళ్లాలి?

భార్య వయసు 35లోపు అయితే ఏడాది, ఆపైన అయితే ఆరు నెలలు. ఇద్దరూ ఒకేసారి వెళ్లండి. వీర్యపరీక్షకు రెండు నుంచి ఏడు రోజులు స్ఖలనం లేకుండా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం కింది హద్దు మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, మొత్తం కదలిక 42 శాతం. ఒక్క పరీక్షలో తక్కువ వచ్చినంత మాత్రాన కుంగిపోకండి. జ్వరం వచ్చి తగ్గినా, జబ్బు రేగినా రెండు మూడు నెలలపాటు ఫలితం పడిపోతుంది. మళ్లీ చేయిస్తాం.

బలం కోసమని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకుంటున్నారా? అది వీర్యకణాల తయారీని ఆపేస్తుంది. బయట నుంచి హార్మోన్ వస్తోందని చూసి మెదడు వృషణాలకు పంపే సంకేతాన్ని కట్టేస్తుంది. సంతానం కావాలనుకునేవారికి టెస్టోస్టిరాన్ ఇవ్వకూడదు.

2021లో నెదర్లాండ్స్‌లో జరిపిన ఒక అధ్యయనంలో, సంతాన వయసుకు ముందో ఆ వయసులోనో కీళ్లవాతం బయటపడిన మగవారికి, ఆ వయసు దాటాక జబ్బు వచ్చినవారికన్నా పిల్లలు తక్కువగా ఉన్నారు. దాని వెనక ఒక్క వీర్యమే ఉందని నేననుకోను. నా గదిలో వింటున్నదాన్ని బట్టి మందుల భయం, నొప్పి, "నా బిడ్డను ఎత్తుకోగలనా" అనే సందేహం కూడా అందులో ఉన్నాయి. ఆ మూడో దానికి ఏ పరీక్షా లేదు, మాట్లాడుకోవడమే.

ఈ జబ్బు నా పిల్లలకు వస్తుందా?

రావాలని లేదు. స్పాండిలైటిస్‌కూ హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యువుకూ సంబంధం ఉందని 1973లో కనుగొన్నారు. మీకు ఆ జన్యువు ఒక ప్రతి ఉంటే మీ బిడ్డకు వెళ్లే అవకాశం సగం. వెళ్లినా, ఆ జన్యువు ఉన్నవారిలో జబ్బు రానివారే ఎక్కువ. రుమటాయిడ్ కూడా అంతే, దగ్గరి బంధువుల్లో ముప్పు కాస్త ఎక్కువే, అయినా ఎక్కువమంది పిల్లలకు రాదు. బిడ్డ పుట్టగానే జన్యు పరీక్ష చేయించమని నేను చెప్పను. పెద్దయ్యాక నెలల తరబడి నడుము నొప్పి ఉంటే త్వరగా చూపించమంటాను, అంతే.

భార్యకు అంటుకుంటుందా?

కీళ్లవాతం అంటువ్యాధి కాదు. ఒక్క మినహాయింపు తెలుసుకోవాలి. క్లమీడియా అనే సుఖవ్యాధి తగిలిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో కొందరికి మోకాలో చీలమండో వాస్తుంది, మూత్రంలో మంట, కళ్లు ఎర్రబడటం ఉండవచ్చు. దీన్ని రియాక్టివ్ ఆర్థరైటిస్ అంటారు. వాపు అంటదు, దాన్ని రేపిన క్రిమి అంటుతుంది. కాబట్టి ఇద్దరికీ చికిత్స కావాలి, కోర్సు పూర్తయ్యేదాకా కలయిక వద్దు. ఈ సంగతి ఇంట్లో చెప్పడం కష్టమని తెలుసు. చెప్పకపోతే ఆమెకు గర్భసంచి నాళాలు దెబ్బతినవచ్చు.

అక్కడ ఎర్రగా పొలుసులు లేచాయి, పుండ్లు పడ్డాయి. చూపించాలంటే సిగ్గుగా ఉంది.

సోరియాసిస్ జననాంగాల మీదా వస్తుంది, అక్కడ పొలుసు తక్కువ, నిగనిగలాడే ఎరుపు ఎక్కువ. చర్మం పల్చన కాబట్టి మోచేతికి రాసిచ్చిన గాఢమైన స్టిరాయిడ్ పూత అక్కడ రాయకూడదు. అక్కడికి వేరే పూతలున్నాయి. పదేపదే నోట్లోనూ కిందా పుండ్లు పడుతుంటే బెహ్‌చెట్ జబ్బును అనుమానిస్తాం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నప్పుడు సర్పి, పులిపిర్లు విజృంభించవచ్చు, హెపటైటిస్ బి కూడా తిరిగి లేవవచ్చు. అందుకే బయాలజిక్‌ల (టీఎన్ఎఫ్ నిరోధకాల లాంటి ఇంజెక్షన్ల) ముందు రక్తపరీక్ష చేస్తాం.

(భార్య అడిగినది) మా ఆయన నెలలుగా దూరంగా జరుగుతున్నారు. నేనంటే ఇష్టం పోయిందా?

అమ్మా, నా గదిలో ఆయన లాంటి మగవాళ్లు చెప్పేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "చేతకాదని తెలిసిపోతుందని దగ్గరికి వెళ్లట్లేదండీ." మొదలుపెట్టి ఆగిపోవాల్సి వస్తుందనే భయంతో, అసలు మొదలే పెట్టడం లేదు. భుజం మీద చెయ్యి వేయడం కూడా మానేస్తారు, అది ఎక్కడికి దారి తీస్తుందోనని. మంచం మీద కాకుండా, ఇద్దరూ తీరుబడిగా ఉన్న వేళ అడగండి. "ఏమైంది మీకు?" అన్న ప్రశ్న కన్నా "ఎక్కడ నొప్పిగా ఉంటోంది, నేనేం చేస్తే తేలిక?" అన్న ప్రశ్నకు మగవాళ్లు తొందరగా జవాబిస్తారు. తర్వాతిసారి ఆయనతో పాటు మీరూ రండి. మీ ఒంటి అలసట, మీ కోరిక కూడా ఇందులో సగం. వాటినీ చెప్పండి.

(ఒక యువ వైద్యుడు అడిగినది) ఓపీలో పది నిమిషాలే. ఈ మాట ఎలా ఎత్తాలి సార్?

నాయనా, రెండు నిమిషాలు చాలు. జాక్ ఆనన్ అనే మనస్తత్వవేత్త 1976లో నాలుగు మెట్ల పద్ధతి ఒకటి చెప్పాడు. మొదటి మెట్టు మాట్లాడటానికి అనుమతి ఇవ్వడం. రెండోది కొద్దిపాటి సమాచారం, మూడోది ఆ మనిషికి పనికొచ్చే సలహా, నాలుగోది ప్రత్యేక చికిత్స. నాలుగో మెట్టు నువ్వు ఎక్కక్కర్లేదు, పంపితే చాలు. మొదటి మెట్టు ఎక్కకపోవడమే మన తప్పు.

నేను అనే మాట ఇది: "కీళ్లవాతం ఉన్న చాలామందికి దాంపత్యంలో కూడా ఇబ్బంది వస్తుంది. మీకెలా ఉంది?" చాలామందికి అని ముందు అనడంతో తాను ఒంటరి కాదని తెలుస్తుంది. "ఏం లేదండీ" అంటే ఒత్తిడి చేయను. "ఎప్పుడైనా అడగొచ్చు" అని వదిలేస్తాను. వాళ్లలో కొందరు మూడో విజిట్‌లో నోరు విప్పుతారు. జబ్బు తేలిన రోజు, కొత్త మందు రాసే రోజు, ఏడాదికొకసారి అడుగు. డెబ్బై ఏళ్లవారినీ అడుగు. పెళ్లికాని వారినీ అడుగు. భాగస్వామి స్త్రీయే అయి ఉంటుందని అనుకోకు. కంప్యూటర్ వైపు కాకుండా మనిషి వైపు చూసి అడుగు. మగవారికి రాసే ప్రతి చీటీ దగ్గరా "పిల్లల్ని కనే ఆలోచన ఉందా?" అన్న ప్రశ్న ఉండాలి. స్త్రీలకు ఉన్నట్టే.

ఏవి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు?

స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోవడం, కలయికలో ఛాతీ నొప్పి, వృషణంలో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి. నడుము జబ్బు ఉన్నవారికి హఠాత్తుగా తొడల మధ్య మొద్దుబారి, మూత్రం బిగిసిపోయి, స్తంభన పోతే అది వెన్ను చివరి నరాల మీద ఒత్తిడి కావచ్చు. ఇవేవీ రేపటిదాకా ఆగేవి కావు.

ధైర్యం చేసి చెప్పాను. డాక్టరు "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అని తోసేశారు.

మీరు చేసింది సరైన పనే. అక్కడ తప్పిపోయింది డాక్టరు వైపు. ఇంకోసారి ప్రశ్నను ఇంకా కచ్చితంగా పెట్టి చూడండి: "నేను వాడే ఈ మందుల్లో వీర్యాన్ని తగ్గించేది ఏది?" "నా గుండెకు పరీక్ష కావాలా?" అలాంటి ప్రశ్నను తోసేయడం కష్టం. అప్పటికీ వినకపోతే అదే క్లినిక్‌లో నర్సునో ఫిజియోథెరపిస్టునో అడగండి, కీళ్ల ఆనిక గురించి వాళ్లకు మాకన్నా బాగా తెలుసు. స్తంభనకు యూరాలజిస్టు, సంతానానికి ఆండ్రాలజిస్టు, మనసుకు మనోవైద్యుడు ఉన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా కీళ్లకు వాడే మందుల చీటీ జేబులో పెట్టుకుని వెళ్లండి, పాతవి కూడా.